హైవే మీద స్పోర్ట్స్ కారు వేడెక్కుతుంటే బంపర్ కోయించాలా, స్ప్లిటర్ పెట్టించాలా?

ప్రశ్న: పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పెట్రోల్, ఫైబర్ బాడీ. హనుమకొండ ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడ్డా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది. హైదరాబాద్ రోడ్డెక్కి ఏసీ వేసుకుని 90, 100లో పోతుంటే జనగామ చేరేలోపే ముల్లు పైకి లేస్తోంది. స్టీరింగ్ కూడా తేలికైపోయినట్టు అనిపిస్తోంది. బంపర్‌కు పెద్ద రంధ్రం కోయించాలా, పెద్ద రేడియేటర్ వేయించాలా, స్ప్లిటర్ (బంపర్ అడుగున ముందుకు పొడుచుకొచ్చే పలక) పెట్టిస్తే రెండూ తీరతాయా అన్నా?

జవాబు:

తమ్ముడూ, బంపర్ కోసే పని మాత్రం ఇప్పుడే పెట్టుకోకు. ఫైబర్ కోయడం తేలికే, మళ్లీ అతికించి పుట్టీ పెట్టి రంగు కలపడమే మహా కష్టం. పైగా నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే లోపలికి గాలి చాలక కాదు, వచ్చిన గాలి బయటికి పోలేక వేడెక్కుతున్నట్టుంది. నా స్నేహితుడి దగ్గర ఇలాంటి ఫైబర్ బాడీ బండే ఉంది. ఎండాకాలం వస్తే చాలు, ఇద్దరం దాని ముందు భాగంతోనే కుస్తీ పట్టేవాళ్లం. అక్కడ పని చేసినవీ చేయనివీ చెప్తాను.

సిటీలో ముల్లు కుదురుగా ఉందంటే ఫ్యాన్ బాగానే తిరుగుతోందన్నమాట. ట్రాఫిక్‌లో వేడెక్కి రోడ్డెక్కగానే చల్లబడే బండికైతే ఫ్యాన్, రిలే, ఫ్యూజు చూడమనేవాణ్ని. నీది దానికి పూర్తిగా తిరగబడింది. 50, 60 దాటాక ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు, బండి వేగానికి వచ్చే గాలే రేడియేటర్‌ను చల్లార్చాలి. సరిగ్గా అప్పుడే ఇంజన్ మీద భారం పెరుగుతుంది. గాలిని తోసుకుంటూ పోవడానికి కావాల్సిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది కాబట్టి 80లో ఉన్నదానికంటే 120లో దాదాపు 3.4 రెట్లు కావాలి. కాలిన పెట్రోల్ వేడిలో సుమారు మూడో వంతు కూలెంట్‌లోకే, అంటే ఇంజన్ చుట్టూ తిరిగే చల్లబరిచే నీళ్లలోకే వెళ్తుంది.

దీనికి మన ఎండలు తోడు. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకో. జనవరి పొద్దున బయట 25 ఉంటే తేడా 70. మే నెల మధ్యాహ్నం 45 ఉంటే తేడా 50 మాత్రమే. రేడియేటర్ బయటికి పంపగలిగే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది, అంటే అదే రేడియేటర్ మే నెలలో దాదాపు 30 శాతం తక్కువ పని చేస్తుంది. కాబట్టి సంక్రాంతికి బాగానే ఉండె కదా అని ఎవరైనా అంటే ఆ మాటతో ఏమీ తేలదు.

ముందు నీళ్ల వైపు లోపం లేదని తేల్చుకో. తీగ చివర సెన్సర్ ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు తెచ్చి, రేడియేటర్ పై హోస్‌కు ఒకటి, కింది హోస్‌కు ఒకటి టేపుతో గట్టిగా చుట్టి, మీటర్లు సీటు దగ్గరికి లాక్కో. బండి వేడెక్కుతున్నప్పుడు రెండింటి మధ్య తేడా చాలా తక్కువగా ఉంటే గాలి చాలడం లేదు. తేడా బాగా ఎక్కువగా ఉండి కూడా ఇంజన్ వేడెక్కుతుంటే నీళ్లు సరిగా తిరగడం లేదు, అంటే పంపు గానీ, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వ్) గానీ, లోపల పేరుకున్న సున్నం గానీ. మన దగ్గర బోరు నీళ్లు పోసే అలవాటు ఉంది చూడు, ఆ సున్నం అక్కడిదే. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపాలి. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోతే అదీ మార్చు. మూత 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు, మూత లీకైతే అంతకుముందే పొంగుతాయి. ఇక "ఆ వాల్వ్ తీసి పడేయ్, చల్లగుంటది" అనే మెకానిక్ ప్రతి షెడ్డులోనూ ఒకరుంటారు. ముల్లు పైకి లేచే వేడిలో బాగున్న థర్మోస్టాట్ ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. తీసేస్తే వచ్చే లాభం దాదాపు సున్నా, పైగా చలికాలం పొద్దున ఇంజన్ వేడెక్కక అరుగుదల పెరుగుతుంది.

గాలి వైపు లోపమని తేలితే అన్నిటికంటే ముందు ఏసీ కండెన్సర్‌కూ (రేడియేటర్ ముందు ఉండి ఏసీ వేడిని వదిలే జాలీ) రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చి వేసి చూడు. ఇది మన ప్రాంతం సమస్య. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లు, డీసీఎంల వెనక బండి నడిపితే దూది పోగులు గ్రిల్ లోంచి దూరి ఆ సందులోనే ఇరుక్కుంటాయి. దాని మీద వరి కోతల పొట్టు, దుమ్ము పేరుకుని గట్టి పొరలా తయారవుతుంది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, అసలు రోగం దాని వెనక ఉంటుంది. స్నేహితుడి బండికి రేడియేటర్ విప్పి చూస్తే కింది సగం బొంత కప్పినట్టుంది. వాటర్ సర్వీసింగ్‌లో గన్ను ముందు నుంచి కొట్టిస్తే అది ఇంకా లోపలికి దిగుతుంది, రెక్కలు కూడా వంగిపోతాయి. విప్పి, ఇంజన్ వైపు నుంచి ముందుకు వచ్చేలా, తక్కువ ఒత్తిడితో కడగాలి.

తర్వాత సందులు మూయడం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, అయినా ఎవరూ చేయని పని ఇదే. రేడియేటర్ రెక్కల మధ్య నుంచి దూరి పోవడం గాలికి కష్టం, పక్కన అంగుళం సందున్నా అటే పోతుంది. బంపర్ నోటి (గాలి లోపలికి దూరే రంధ్రం) నుంచి రేడియేటర్ అంచు దాకా పైన, కింద, రెండు పక్కలా దారి మూసి ఉండాలి. మేము 1.5 మి.మీ. అల్యూమినియం షీట్ వంచి పక్క గోడలు చేశాం, మిగిలిన సందుల్లో ఏసీ పైపులకు చుట్టే నల్ల ఫోమ్ నింపాం. కింద బంపర్ అడుగు నుంచి రేడియేటర్ అడుగు దాకా ఒక పలక ఉందో లేదో తప్పకుండా చూడు. పాత బండ్లలో స్పీడ్ బ్రేకర్లకు తగిలి అది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, దాంతో నోట్లోకి వచ్చిన గాలి సగం కిందికే జారిపోతుంది.

ఇలా దారి మూసుకుంటే నోరు చిన్నదైనా చాలు. చాలా కార్లలో ఆ నోటి వైశాల్యం రేడియేటర్ వైశాల్యంలో మూడో వంతు చుట్టుపక్కలే ఉంటుంది. నోటి దగ్గర అంచులు గుండ్రంగా ఉండి, లోపలికి పోయేకొద్దీ దారి మెల్లగా వెడల్పైతే గాలి వేగం తగ్గి ఒత్తిడి పెరుగుతుంది, రేడియేటర్‌ను దాటడానికి కావాల్సింది ఆ ఒత్తిడే. రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-51 మస్టాంగ్ విమానం కడుపు కింద రేడియేటర్ గాలి దారి కూడా ఈ లెక్క మీదే కట్టారు. అందుకే బంపర్ కోయొద్దన్నాను.

ఇప్పుడు అసలు విషయం. ఎదురుగా కిటికీ లేని గదికి తలుపు ఎంత పెద్దది పెట్టినా గాలాడదు. రేడియేటర్ ముందు ఒత్తిడి ఎంతున్నా, వెనక ఇంజన్ గదిలోనూ అంతే ఒత్తిడి ఉంటే గాలి కదలదు. దీన్ని ఊహించుకోవడం దేనికి, కొలిచి చూడొచ్చు. మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక పైపు ఉంటుంది కదా, అది తీసుకో. యూ ఆకారంలో ఒక చెక్కకు కట్టి, రంగు నీళ్లు పోసి, పక్కన స్కేలు అతికించు. ఒక కొసను రేడియేటర్ ముందు, రెండో కొసను వెనక కట్టు. కొసలకు స్పాంజి ముక్క తొడుగు, లేకపోతే గాలి నేరుగా కొట్టి రీడింగ్ తప్పు వస్తుంది. నీళ్లు ఊగకుండా పైపులో కొంచెం దూది పెడితే సరి. పక్క సీట్లో ఒకరు పట్టుకుని ఫోన్‌లో వీడియో తీయాలి, నడిపేవాళ్లు చూడొద్దు.

ఎండాకాలం గాలికి 80 వేగంలో ఎదురు ఒత్తిడి మొత్తం దాదాపు 28 మి.మీ. నీటి ఎత్తు (పైపు రెండు వైపులా నీళ్ల మట్టాల తేడా), 100లో 43. ఇది వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 80లో కొలిస్తే చాలు, నాలుగు వరుసల హైవే మీద కార్ల పరిమితి అయిన 100 దాటాల్సిన పని లేదు. ఈ 28లో రేడియేటర్ ముందూ వెనకల తేడా ఎంత వస్తుందన్నదే నీ కూలింగ్. స్నేహితుడి బండిలో మొదట అయిదారు మి.మీ. మించలేదు. సందులు మూస్తే కొంత పెరిగింది, బయటికి దారి చూపాకే రెట్టింపు దాటింది.

బయటికి దారి రెండు చోట్ల దొరుకుతుంది. మొదటిది కింద. రేడియేటర్ కిందుగా, బంపర్ అడుగున నిలువుగా 5, 6 సెం.మీ. పట్టీ వేలాడదీస్తే బండి కిందికి దూసుకొచ్చే గాలి తగ్గుతుంది, పట్టీ వెనక ఒత్తిడి పడిపోతుంది, ఇంజన్ గదిలోని వేడి గాలిని అదే కిందికి లాగేస్తుంది. మేము లారీ మడ్‌ఫ్లాప్ రబ్బరు కోసి వేశాం. స్పీడ్ బ్రేకర్‌కు తగిలినా వంగి మళ్లీ నిలబడుతుంది. చిన్న ముక్కే కదా అనుకోకు. సీ5 తరం కార్వెట్ అనే అమెరికన్ స్పోర్ట్స్ కారు గాలిని బంపర్ కింది నుంచే తీసుకుంటుంది, దాని కింద ఉండే ఈ పట్టీ ఊడిపోతే సిటీలో బాగానే ఉండి హైవేలో వేడెక్కుతుంది. నీ లక్షణం కూడా అదే కదా. ముందు నీ బండి కింద పడుకుని, ఇలాంటి పట్టీ ఒకప్పుడు ఉండి ఊడిపోయిన గుర్తులు, ఖాళీ స్క్రూ రంధ్రాలు ఏమైనా ఉన్నాయేమో చూడు.

రెండోది బానెట్. ఇక్కడ చాలామంది చేసే పని, వెనక కబ్జాల దగ్గర వాషర్లు పెట్టి బానెట్ లేపడం. చూడ్డానికి రేసు కారులా ఉంటుంది, ఆగి ఉన్నప్పుడు పొగలు కూడా బయటికి వస్తాయి. కానీ వేగంలో ముందు అద్దం అడుగున గాలి గుద్దుకుని ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కంపెనీలు క్యాబిన్‌లోకి గాలి తీసుకునే జాలీని సరిగ్గా అక్కడే పెడతాయి. ఆ సందు తెరిస్తే గాలి బయటికి పోవడానికి బదులు ఇంజన్ గదిలోకి తోసుకొస్తుంది, రేడియేటర్ వెనక ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. వెంట్లు, అంటే గాలి బయటికి పోయే రంధ్రాలు, పెట్టాల్సింది బానెట్ ముందు భాగంలో, రేడియేటర్ వెనకే, ముక్కు వంపు తిరిగిన కాస్త దూరంలో. వంపు మీద గాలి వేగం పుంజుకుని ఒత్తిడి తగ్గేది అక్కడే. లోటస్ ఎలీస్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో రేడియేటర్ గాలి ముందు మూత మీది వెంట్ల నుంచే బయటికి పోతుంది. వెంట్ ముందు అంచున సెంటీమీటరు ఎత్తు పట్టీ నిలబెడితే లాగుడు ఇంకా పెరుగుతుంది.

కోయడానికి ముందు బానెట్ మీద ఉలెన్ దారం ముక్కలు వరుసగా అతికించి పక్క బండి నుంచి వీడియో తీయించు. దారాలు తిన్నగా పడుకుంటే అక్కడ గాలి అంటుకుని పోతున్నట్టు, పిచ్చిగా ఊగితే విడిపోయినట్టు. ఒత్తిడి ఎంతో దారం చెప్పదు, దానికి మళ్లీ లెవెల్ పైపే దిక్కు: ఒక కొస బానెట్ మీద పెట్టాలనుకున్న చోట, రెండోది ఇంజన్ గదిలో. మా దారాల బానెట్ చూసి కోమళ్ల టోల్ దగ్గర ఒకాయన "ఏం మొక్కు తమ్మీ ఇది?" అని అడిగిండు. అట్లాంటివి పట్టించుకోకు.

వెంట్లు పెడితే వానాకాలం నీళ్లు నేరుగా కాయిల్స్ మీద, ఆల్టర్నేటర్ మీద పడకుండా కింద చిన్న తొట్టి, దానికో పైపు పెట్టించు. బానెట్ కోత చట్టం దృష్టిలో మార్పే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణం మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకే మేము అసలు బానెట్ భద్రంగా దాచి, పాత స్క్రాపు బానెట్ మీద వెంట్లు కోసి చూశాం, అదీ రేసు ట్రాక్ మీద నడిపే రోజులకే. రోడ్డు మీద నడిపే బండికి సందులు మూయడం, కింది పట్టీ చాలావరకు సరిపోతాయి. వాటిని బోల్టులతో పెట్టుకోవచ్చు, కావాలంటే విప్పేయొచ్చు.

స్ప్లిటర్ సంగతి. బంపర్ అడుగు నుంచి ముందుకు పొడుచుకొచ్చే పలక పైన గాలి ఆగి ఒత్తిడి పెరుగుతుంది, కింద వేగంగా పోయి ఒత్తిడి తగ్గుతుంది, అలా ముందు టైర్లు రోడ్డుకు అదుముకుంటాయి. పని చేయాలంటే రోడ్డుకు చాలా దగ్గరగా ఉండాలి, మనిషి నిలబడ్డా వంగకుండా ఛాసిస్‌కు బిగించి ఉండాలి. బంపర్‌కు స్క్రూలు కొట్టిన ప్లాస్టిక్ పలక అలంకారమే. మన ఊరి స్పీడ్ బ్రేకర్ల మీద నిజమైన స్ప్లిటర్ వారం ఆగదు, ఎవరికైనా తగిలితే కాళ్లు కోస్తుంది. నేనైతే పెట్టను.

స్టీరింగ్ తేలికవడం గురించి మాత్రం తొందరపడి గాలిని అనకు. ఇంత చిన్న బండికి 100 వేగంలో గాలి ముందు భాగాన్ని లేపే బలం (లిఫ్ట్) మామూలుగా పది, పదిహేను కిలోలకు మించదు. ముందు వీల్ అలైన్‌మెంట్, టైర్ల గాలి చూపించు. వెనక స్ప్రింగులు కూర్చుని ముక్కు పైకి లేచిందేమో బండిని చదును నేల మీద నిలబెట్టి కొలువు. ముక్కు లేస్తే లిఫ్ట్ నిజంగానే పెరుగుతుంది, స్ప్రింగులు మారిస్తే పోతుంది. ఇంజన్ గదిలో ఇరుక్కున్న గాలి కూడా బండి కింద చేరి ముందు భాగాన్ని లేపుతుంది కాబట్టి, కింది పట్టీ వేశాక స్టీరింగ్ బరువులో కొంత తేడా నీకే తెలుస్తుంది.

పెద్ద రేడియేటర్ ఇవన్నీ అయ్యాక. మందం ఎక్కువైన రేడియేటర్ గాలిని ఇంకా ఎక్కువ అడ్డుకుంటుంది, బయటికి దారి లేని బండిలో దాని డబ్బులు దండగ. అప్పటిదాకా రేడియేటర్ ముందున్న ఎక్స్‌ట్రా హారన్లు, ఫాగ్ లైట్లు పక్కకు జరుపు. ముల్లు లేస్తే ఏసీ ఆపు. కండెన్సర్ వేడి రేడియేటర్‌కు తగలకపోయేసరికి కొద్ది కిలోమీటర్లలోనే దిగుతుంది. దిగకపోతే రోడ్డు పక్కన ఆపు, రేడియేటర్ మూత మాత్రం వేడి మీద విప్పకు.