హాలిడే మెంబర్‌షిప్ అమ్మే కుర్రాడికి మర్యాదగా ఏం చెప్పాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివానండీ. డిన్నర్ కూపన్ వచ్చిందని రాయగడ నుంచి గోపాల్‌పూర్ దాకా వెళ్లారు, గంటన్నర అన్నవాళ్లు మూడు గంటలు కూర్చోబెట్టారు, ఏడాదికో వారం రిసార్ట్‌లో గది చొప్పున 25 ఏళ్ల మెంబర్‌షిప్, మూడున్నర లక్షలు, పైన ఏటా మెయింటెనెన్స్ 18,000 అన్నారు. మీ ఇద్దరూ అవుననలేదు, కాదనలేదు. మూడు వారాల నుంచి ఆ కుర్రాడు రోజూ ఫోన్. పలాస వాడు, అక్కా అని పిలుస్తాడు, ఎత్తితే ఏం చెప్పాలో తెలీదు, ఎత్తకపోతే పాపం అనిపిస్తోంది. ఇదే కదా మీ బాధ.

నేను బరంపురంలో ఈ మెంబర్‌షిప్‌లు అమ్మే పనే రెండేళ్లకు పైగా చేశాను. కంపెనీ పేరు అనవసరం, అందరి హాలూ ఒకేలా ఉంటుంది. కాబట్టి ఆ ఫోన్‌కి అవతలి వైపు ఏం జరుగుతుందో ముందు చెప్తాను.

పొద్దున పదింటికి మీటింగ్. నా దగ్గర ఒక లిస్టు ఉండేది, అందులో 'వద్దు' అన్నవాళ్ల పేరు కొట్టేస్తాం, 'కొంటాం' అన్నవాళ్ల దగ్గరికి డౌన్ పేమెంట్ కోసం పరిగెడతాం. మిగిలినవాళ్లంతా 'చూద్దాం' బాపతు. మా ఊళ్లో అయితే తెలుగువాళ్లు కూడా ఒడియాలో 'దేఖిబా' అనేసి ఫోన్ పెట్టేస్తారు, అదేదో వేరే భాషలో అంటే మనం అననట్టు. మేనేజర్ రోజూ అడిగేది వీళ్ల గురించే: ఆ రాయగడ మేడమ్ ఏమంది, ఎందుకు క్లోజ్ కాలేదు, ఇవాళ మళ్లీ చెయ్యి. జీతం తక్కువ, మిగతాదంతా కమిషన్. వాడు మీకు ఫోన్ చేసేది మీ మీద ఆశతో సగమైతే, పక్కన కూర్చున్న మేనేజర్ భయంతో సగం.

పర్లాకిమిడిలో ఒక రిటైరైన మాస్టారింటికి నేను నాలుగుసార్లు వెళ్లాను. ప్రతిసారీ బస్సు, ప్రతిసారీ ఉప్మా, టీ, మా అబ్బాయితో మాట్లాడి చెప్తాం బాబూ అనడం. నాలుగోసారి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మేం మొదటిరోజే వద్దనుకున్నాం నాయనా, అంత దూరం నుంచి వచ్చావు, బాధపడతావని చెప్పలేకపోయాం" అన్నారు. ఆయన చాలా మంచివాడు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ మంచితనం ఖరీదు నాకు నాలుగు రోజులు, బస్సు ఛార్జీలు, నెల టార్గెట్. మొదటిరోజే వద్దనుంటే గుమ్మం దిగేటప్పుడు ఒక్క నిమిషం బాధపడేవాణ్ణి, బస్టాండ్‌కి వచ్చేసరికి మర్చిపోయేవాణ్ణి.

మా నాన్న బడాబజార్‌లో పట్టుచీరల కొట్లో గుమాస్తా. నలభై చీరలు విప్పించుకుని ఒక్కటీ నచ్చలేదని లేచి వెళ్లిపోయినవాళ్ల మీద ఆయనకెప్పుడూ కోపం ఉండేది కాదు, మడతపెట్టడం నా పనేగా అనేవాడు. ఆయన తిట్టుకునేది ఈ నాలుగూ పక్కన పెట్టండి, సాయంత్రం వస్తాం అని రానివాళ్లని. పక్కన పెట్టిన చీర ఇంకొకరికి చూపించడానికి ఉండదు, పెళ్లిళ్ల రోజుల్లో మరీ. మీరిప్పుడు ఆ కుర్రాడి దగ్గర పక్కన పెట్టించిన చీరలాంటి వాళ్లు. (మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది, పూర్తిగా రాయను, మీకు తెలిసే ఉంటుంది.)

అలాగని మర్యాదంతా మీరే చూపించాలని అనడం లేదు. మావైపు అమర్యాద చాలా ఎక్కువ, అదీ నేర్పించి చేయించే అమర్యాద. హాల్లో పాటలు గట్టిగా పెట్టేది మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఉండటానికే. ఎవరైనా కొంటే చప్పట్లు కొట్టించేది పక్క టేబుల్‌వాళ్లకి వినపడాలని. ఈ రేటు ఇవాళ్టికే అని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, వారం తర్వాత కూడా అదే రేటు, ఒక్కోసారి ఇంకా తక్కువ. భర్త వెనకాడితే "మేడమ్‌ని సంవత్సరానికి ఒక వారం తిప్పలేరా సార్" అనాలని మాకు నేర్పించారు. ఆలుమగల మధ్య చెయ్యి పెట్టడం అది. ఇంట్లో ఒకరు వద్దన్నాక రెండోవారికి విడిగా ఫోన్ చేయడం కూడా అలాంటిదే. ఆ పలాస కుర్రాడు అది చేస్తే మాత్రం మొహమాటం అక్కర్లేదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒక నర్సమ్మ, ఆవిడ భర్త కొన్నారు. మెయింటెనెన్స్ ఏటా పెరుగుతుందన్న మాట కాగితంలో ఉంది, నా నోట్లో లేదు. మా అగ్రిమెంట్‌లో పది రోజుల్లో రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిస్తామని రాసుంది. తొమ్మిదో రోజు ఆవిడ నాకు ఫోన్ చేసింది. రద్దయితే నా కమిషన్ వెనక్కి కోస్తారు, మేనేజర్ రెండు రోజులు ఎత్తకు అన్నాడు, ఎత్తలేదు. కట్టిన 25,000 పోయింది వాళ్లకి. ఇప్పటికీ గిరి రోడ్డులో ఆవిడ స్కూటీ కనిపిస్తే నేను పక్క సందులోకి తిరుగుతాను. అందుకే కొన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, రద్దు చేయాలంటే ఏజెంట్‌కి ఫోన్ చేసి ఊరుకోకండి, కంపెనీకి మెయిల్ పెట్టండి, స్పీడ్ పోస్ట్ కూడా చేయండి, రసీదు దాచుకోండి. యూరప్‌లో టైమ్‌షేర్ అనే ఇలాంటి మెంబర్‌షిప్ కొన్నవాళ్లకి మనసు మార్చుకోవడానికి 14 రోజులు చట్టమే ఇస్తుంది, ఆ లోపు అడ్వాన్స్ పుచ్చుకోవడమే నిషేధం. మన దగ్గర దీనికంటూ విడిగా చట్టం లేదు, అగ్రిమెంట్‌లో ఎన్ని రోజులని రాశారో చూసుకోవాల్సిందే. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఇక మీరు నిజంగా తేల్చుకోలేక ఆగారా, లేక వద్దనలేక ఆగారా? నాకైతే రెండోదే అనిపిస్తోంది, మీరు రాసిన దాంట్లో రిసార్ట్ గురించి ఒక్క ముక్క లేదు, కుర్రాడి గురించే ఉంది. అయినా లెక్క వేసి చూడండి. మూడున్నర లక్షలు 25 ఏళ్లకి పంచితే ఏడాదికి 14,000. మెయింటెనెన్స్ 18,000 మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 21,240. మొత్తం 35,240, అంటే ఏడు రాత్రులకి రాత్రికి 5,000 పైమాటే, రైలు, తిండి కాక, మెయింటెనెన్స్ పెరగకుండా ఉంటే. ఏటా తప్పకుండా వారం రోజులు సెలవు పెట్టి తిరిగే కుటుంబానికి, వంటగది ఉన్న పెద్ద గది కావాలనుకునేవాళ్లకి ఇది గిట్టుబాటు కావచ్చు, అలాంటివాళ్లని చూశాను కూడా. కానీ దసరా సెలవులకే కదులుతాం అంటే ఆ రోజుల్లో గది దొరకాలంటే ఖరీదైన సీజన్ మెంబర్‌షిప్ కొనాలి, నెలల ముందు బుక్ చేయాలి. ఆస్తిలాంటిది, పిల్లలకి రాయొచ్చు అని చెప్పుంటాడు. మీకొచ్చేది వాడుకునే హక్కు మాత్రమే, భూమిలో వాటా ఏమీ ఉండదు, మళ్లీ అమ్ముదామంటే కొనేవాడు దొరకడం కష్టం.

కొనాలా వద్దా అని నిజంగానే ఊగిసలాట ఉంటే ఒక తేదీ చెప్పండి. అగ్రిమెంట్ కాపీ, గత మూడేళ్లు మెయింటెనెన్స్ ఎంత తీసుకున్నారో కాగితం మీద పంపించు తమ్ముడూ, ఫలానా ఆదివారం నేనే ఫోన్ చేస్తాను, అప్పటిదాకా చేయొద్దు అనండి. చేస్తానన్న ఆదివారం చేయండి, ఏ సమాధానమైనా సరే. కాగితాలు పంపకపోతే అదే మీకు జవాబు.

వద్దనుకుంటే కారణం మాత్రం చెప్పకండి. ఇది నమ్మండి, కారణం చెప్పడం మర్యాద అనుకుంటారు కానీ అది మాకు తలుపు తీయడం. డబ్బుల్లేవంటే ఈఎంఐ ఉందంటాం, సెలవు దొరకదంటే ఈ ఏడు వారం వచ్చే ఏడుకి జరుపుకోండంటాం, మా ఆయన ఒప్పుకోడంటే సార్‌తో నేను మాట్లాడతానంటాం. ప్రతి కారణానికీ మా దగ్గర అచ్చేసిన సమాధానం ఉండేది. 'వద్దు'కి ఒక్కదానికే ఉండేది కాదు. తిన్న డిన్నర్ గురించి బెంగ పెట్టుకోకండి, ఆ ఖర్చు కంపెనీది, మూడు గంటలు కూర్చుని దానికి సరిపడా ఇచ్చేశారు.

ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి, వాడి మేనేజర్‌కి చూపించుకోవడానికి పనికొచ్చేట్టు: "తమ్ముడూ, నువ్వు ఓపిగ్గా చెప్పావు, థాంక్స్. మేమిద్దరం మాట్లాడుకున్నాం, మెంబర్‌షిప్ తీసుకోవడం లేదు. ఇది మా ఆఖరి మాట. మా నంబర్ లిస్టులోంచి తీసేయించు." తర్వాత ఒక్కసారి ఫోన్ చేస్తాడు, చేయాలి, వాడి రూలు అది. ఎత్తి ఇదే మాట నవ్వుతూ మళ్లీ చెప్పి పెట్టేయండి. అప్పటికీ ఆగకపోతే బ్లాక్ చేసినా తప్పులేదు, కంపెనీ వేరే నంబర్ల నుంచి మొదలుపెడితే అక్కర్లేని అమ్మకం కాల్స్ మీద ఫిర్యాదు తీసుకునే 1909కి చెప్పండి.

తెలుగులోనే పెట్టండి, పలాస కుర్రాడు కదా. పొరపాటున కూడా 'దేఖిబా' అని మాత్రం పెట్టకండి, రేపు పదింటి మీటింగ్‌లో మళ్లీ మీ పేరే చదువుతారు.