పుట్టినరోజు నాడు బొమ్మలు కిందికి దించండి

ప్రశ్న: మా స్నేహితుడు చిత్రకారుడు. నీటిరంగుల్లో గోదావరి లంకలు, రేవులు వేసేవాడు. నిరుడు పోయాడు. వచ్చే నెల వాడి పుట్టినరోజు. ఫ్లెక్సీ కట్టి, సభ పెట్టి నాలుగు మాటలు చెప్పుకుందామని మిత్రులంటున్నారు. నాకెందుకో అది చాలదనిపిస్తోంది. ఏం చేస్తే బాగుంటుంది?
- ఒక పాఠకుడు, కొవ్వూరు

జవాబు: సభ పెట్టుకోండి, తప్పులేదు. కానీ దానికంటే ముఖ్యమైన పని ఒకటుంది. మీవాడి బొమ్మల గురించి మీకు మాత్రమే తెలిసిన సంగతులు రాసి పెట్టాలి.

మీరు రాజమండ్రికి ఎదురుగానే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. చిత్రకారుడు దామెర్ల రామారావుగారు 1897 మార్చి 8న అక్కడ పుట్టారు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకుని వచ్చారు. 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయారు. 28 ఏళ్లు కూడా నిండలేదు. అయినా ఆయన పేరిట చిత్రశాల, చిత్రకళా పాఠశాల నిలబడ్డాయంటే వరదా వెంకటరత్నంగారి లాంటి సన్నిహితులు వాటిని భుజాన వేసుకోవడం వల్లే. వంతెన దాటితే చాలు, మిత్రులందరూ ఓసారి వెళ్లి చూసి రండి.

నాకూ ఒక స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరం డ్రాయింగ్ మాస్టార్లం. వాడు ఆకాశం వేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకు మహా ఇష్టం. అట్టను కొంచెం ఏటవాలుగా పెట్టి, లావు కుంచె నిండా నీలం తీసుకుని అడ్డంగా ఒక గీత లాగేవాడు. రంగు జారి కింది అంచున నిలిచేది. అది ఆరకముందే తర్వాతి గీత దాన్ని అందుకోవాలి, లేదంటే చార పడిపోతుంది. అలా కిందిదాకా. ఆ కాసేపు పిలిచినా పలికేవాడు కాదు. కాగితం అంచున వాడు రంగు సరిచూసుకున్న మరకలుండేవి. ఫ్రేము కట్టేవాళ్లు ఆ అంచు కోసేస్తామంటారు. నేను కోయనివ్వను.

వాడి పుట్టినరోజు సర్టిఫికెట్లో జూలై 1. వాళ్లమ్మ చెప్పే లెక్క శ్రావణ పౌర్ణమి. మేం పౌర్ణమి నాడే వాళ్లింటికి వెళ్తాం. భోజనాలయ్యాక బీరువా మీది బొమ్మలు దించుతాం. ఒక్కోదాని వెనక మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా, ఏ ఊరో, ఏ ఏడాదో, ఎక్కడ కూర్చుని వేశాడో రాస్తాను. బాల్‌పెన్ వాడకండి, గీత ఇవతలివైపు తేలుతుంది. ఒక బొమ్మలో రేవు మెట్ల మీద బిందె తోముతున్న మనిషి ఎవరో నాకు అంతుపట్టలేదు. వాళ్లావిడ చూడగానే "మా చిన్నత్త కదండీ" అంది. అదీ రాశాను. ఆ ఇంటి పిల్లలకే ఆ సంగతి తెలియదు! ఇలాంటివి ఆవిడా నేనూ ఉన్నప్పుడే కాగితం మీదికి రావాలి.

మీ మిత్రులకు ఇంకో మాట గట్టిగా చెప్పండి. అభిమానం కొద్దీ బొమ్మల్ని లామినేషన్ చేయించొద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితాన్ని అంటుకుపోతుంది, మళ్లీ ఊడదీయలేం. ఎండపడే గోడకు తగిలించినా నీటిరంగులు వెలిసిపోతాయి. మనవైపు చెమ్మ ఎక్కువ, కాబట్టి వానలు తగ్గాక నీడలో కాసేపు గాలి తగలనివ్వాలి. పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటోలు తీయండి, బొమ్మ వెనకవైపు కూడా.

సభకు వచ్చేవాళ్లలో మీవాడి దగ్గర బొమ్మలు కొన్నవాళ్లు, పెళ్లికి కానుకగా పుచ్చుకున్నవాళ్లు ఉంటారు. వాటిని వెంట తెమ్మనండి. ఏ బొమ్మ ఎవరి దగ్గరుందో ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. ఫ్లెక్సీ డబ్బులతో మంచి అట్టలు, ఫైళ్లు కొనొచ్చు.

వీటన్నిటికీ ముందు ఇంట్లోవాళ్లను అడగండి. మొదటి ఏడాది కదా, ఆ రోజు ఇంటినిండా జనాన్ని చూసే ఓపిక వాళ్లకు ఉండకపోవచ్చు. వద్దంటే మరో ఆదివారం పెట్టుకోండి.