మామిడి తోటలో పెళ్లంటే...

చి. కుముదకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మంటపం వద్దన్నావట, దేవనహళ్లి దగ్గర మామిడి తోట చూసి వచ్చావట, మాఘంలోనే చేసుకుంటానన్నావట. నాన్నకి నచ్చినట్టు అంతా ఆకూ కొమ్మా మట్టీ ఉండాలి, ప్లాస్టిక్ పువ్వు ఒక్కటి కూడా కనిపించకూడదు అన్నావట. ఆ మాట చెబుతూ మీ అమ్మ ఆగిపోయింది. నాకూ గొంతు పెగల్లేదు. తమ్ముడి కూతురివి, ఇంకోలా ఎలా ఆలోచిస్తావులే. కానీ తల్లీ, నేను ఉద్యానశాఖ జీతం తిన్నవాణ్ణి. తోట అనగానే నాకు ముందు పురుగు గుర్తొస్తుంది, తర్వాతే పువ్వు. ఫోన్లో చెబితే నువ్వు ఊ కొట్టి వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

నాన్న సంవత్సరీకం దాటింది కాబట్టి ముహూర్తానికి అడ్డేమీ లేదు. మాఘం మంచి నెల. జనవరి, ఫిబ్రవరిలో బెంగళూరులో వాన భయం దాదాపు ఉండదు. వియ్యాలవారు వైశాఖం అంటే మాత్రం ఒప్పుకోకు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సాయంత్రానికి ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. వాన మాట తర్వాత, ముందు షామియానా గుంజలు లేచిపోతాయి.

మాఘంలో చిక్కంతా మామిడితోనే. అప్పుడు చెట్టు పూత మీద ఉంటుంది. ఫొటోలకి బాగుంటుంది, కాదనను. కానీ ఆ పూతకే తేనెమంచు పురుగు పడుతుంది. రసం పీల్చి తియ్యటి జిగురు కిందికి విడుస్తుంది. ఎండలో చూస్తే సన్నని తుంపర పడుతున్నట్టే ఉంటుంది. కుర్చీల మీదా, పట్టుచీరల మీదా, విస్తళ్లలోనూ అదే. దానికోసం రైతు మందు కొడతాడు, అతని పంట అతనిది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే అడుగు: ఈ ఏడు పూతకి ఏ మందు కొడతారు, చివరిసారి ఎప్పుడు కొడతారు, ఆ మందు డబ్బా మీద మనుషులు లోపలికి వెళ్లడానికి ఎన్నాళ్లు ఆగాలని రాసి ఉంది. సరిగ్గా జవాబు చెప్పకపోతే ఆ తోట వద్దు. చెప్పినా సరే, చెట్ల కింద కూర్చోబెట్టకు. మూడు వందలమంది తొక్కితే వేళ్ల మీది మట్టి గట్టిపడి చెట్టుకీ చేటే. తోట పక్కన బయలు ఉంటే మంటపం అక్కడ వెయ్యి, చెట్లు వెనకాల కనిపిస్తే చాలు. కొబ్బరి తోట దొరికితే ఇంకా మేలు, అయితే రెండు రోజుల ముందే ఎండుమట్టలూ ముదురు కాయలూ దింపించాలి.

పగటిపూట వెళ్లి పెద్ద చెట్ల కొమ్మలన్నీ తలెత్తి చూడు. కొండ తేనెటీగలు (ఇక్కడివాళ్లు హెజ్జేను అంటారు) లావుపాటి కొమ్మకి అర్ధచంద్రాకారంలో ఒక్కటే పట్టు పెడతాయి. దూరానికి నల్లటి గోనెపట్టా వేలాడుతున్నట్టు ఉంటుంది. హోమం పొగ తగిలినా, డ్రోను కెమెరా దగ్గరగా వెళ్లినా, ఎవరైనా బాణాసంచా కాల్చినా లేచి వెంటపడతాయి. రాత్రి దీపాల వెలుగుకి కూడా వస్తాయి. పట్టుని కాల్చించడం, మందు కొట్టించడం చెయ్యకు, నాన్న పేరు చెప్పుకుని చేసే పని కాదది. మంటపాన్నే అవతలి మూలకి, గాలి పట్టువైపు వీచని చోటికి మార్చుకో. డ్రోను అసలే వద్దు. మీ స్నేహితులు అలిగితే నా పేరు చెప్పు.

ముహూర్తం పగలు తొమ్మిదీ పదకొండు మధ్య ఉండేలా పురోహితుణ్ణి బతిమాలు. తెల్లవారుజాము లగ్నం గొప్పదే, కానీ ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మైకు ఎందుకంత అవసరమో కింద రాస్తాను.

పచ్చి కొబ్బరి మట్టలతో అల్లిన పందిరే వేయించు, కానీ హోమగుండం పైన మాత్రం కప్పు వద్దు, ఆకాశం కనిపించనీ. మట్టలు మూడో రోజుకే ఎండి చుట్ట కాలుస్తున్నవాడు పక్కన నిలబడ్డా అంటుకునేలా తయారవుతాయి, కాబట్టి పందిరి ముందురోజే వెయ్యాలి. గాలి వచ్చే వైపు తడక కట్టించు. రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్లు, ఆ పని ఒప్పుకున్న మనిషి ఒకడు. జనరేటరు దూరంగా. మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయో అడుగు, పెద్దవాళ్లకి దగ్గర్లో ఉండాలి.

పూల విషయంలో డెకరేషన్ వాళ్లు 'అంతా నాచురల్ మేడం' అంటూనే పూలు గుచ్చడానికి పచ్చ స్పాంజి ముక్కలు తెస్తారు. అది ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు, నలిగి పొడై నేలంతా పోతుంది. అరటి బోదె అడ్డంగా కోసి దానికి గుచ్చమను, తడి కూడా అదే ఇస్తుంది. థర్మాకోల్ అలంకరణ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం, ఎవరైనా తెస్తే వెనక్కి పంపు. పూలు కె.ఆర్. మార్కెట్‌లో తెల్లవారకముందే కొనాలి. బంతి, చామంతి ముందురోజు తెచ్చినా నిలుస్తాయి. మల్లె, కనకాంబరం ఆ రోజువే కావాలి. వెదురు బుట్టలో తడిగుడ్డ కప్పి ఉంచండి, మల్లె మీద నీళ్లు చల్లితే అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. గులాబీ రేకులు నడిచే దారిలో చల్లించకు, ఏ ముసలావిడో జారిపడుతుంది.

మన పెళ్లిలో నీకు కావలసిన పచ్చదనం ఎప్పటినుంచో ఉంది, పాలికలు. వాటిని మాత్రం కొనకు. ఐదు రోజుల ముందు నిన్ను పెళ్లికూతుర్ని చేసేనాడే నవధాన్యాలు చల్లించు. అడుగున చిల్లులున్న ఐదు మట్టి పాలికలు, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు జల్లించిన పశువుల ఎరువు. పూజ సామాన్ల దుకాణంలో అమ్మే నవధాన్యాల పొట్లం పాతది అయి ఉంటుంది, అందులో కందులకి బదులు కందిపప్పు పోస్తారు, పప్పు మొలవదు. అందుకే పది రోజుల ముందే ఒక్కో రకం ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి, పదిహేనన్నా మొలిస్తే సరే. గింజలన్నీ రాత్రంతా నానబెట్టి, నువ్వులు మాత్రం పొడిగానే పైపైన చల్లండి, లోతుగా పడితే కుళ్లిపోతాయి. మాఘంలో మన దగ్గర రాత్రిళ్లు 15, 16 డిగ్రీలు ఉంటుంది, మొలక నిదానం. మొదటి రెండు రోజులు తడిగుడ్డ కప్పి వంటింట్లో వెచ్చగా ఉంచండి. మొలక తల ఎత్తగానే వెలుతురులో పెట్టాలి, లేకపోతే పసుపుపచ్చగా సాగిపోతుంది. నీళ్లు చేత్తో చిలకరించాలి, పొయ్యకూడదు. పెసలు, గోధుమలు ముందొస్తాయి, వడ్లు ఆలస్యం. వడ్లు రాలేదని మీ అమ్మ కంగారు పడుతుంది, పడొద్దను.

ఇక రిటర్న్ గిఫ్టుగా మొక్కలు. వద్దు. మూడు వందల మొక్కలు పంచితే ఏమవుతుందో నాకు తెలుసు. ఎండలో నిలిపిన కారులో రెండు గంటలకే వడలిపోతాయి. కర్నూలు నుంచీ నెల్లూరు నుంచీ రైల్లో వచ్చినవాళ్లు స్టేషన్‌లో వదిలేస్తారు. ఇంటిదాకా వెళ్లినవి బాల్కనీలో పాలిథిన్ కవరుతోనే ఎండుతాయి. పైగా ఫిబ్రవరిలో నాటిన మొక్కకి ముందున్నదంతా ఎండాకాలమే. అందరికీ ఓ తమలపాకుల కట్టా, కొబ్బరికాయా ఇచ్చి పంపు.

చెట్టు నాటాలని ఉంటే ఆషాఢంలో నాటు. కొత్త పెళ్లికూతురు ఎలాగూ పుట్టింటికి వస్తుంది, అప్పటికి వానలూ పట్టుకుంటాయి. ఐదు చెట్లు చాలు: రెండు పొగడ, ఒక నేరేడు, ఒక సంపెంగ, ఒక కానుగ. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తవ్వి రెండు వారాలు ఎండనివ్వాలి. పైమట్టి ఒక పక్కా లోపలి మట్టి ఒక పక్కా పొయ్యండి. పూడ్చేటప్పుడు పైమట్టిలో పది కిలోల పశువుల ఎరువు, అరకిలో వేపపిండి కలిపి ముందు అదే వెయ్యాలి. కవరు చింపాక వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్టల్ని కత్తిరించు, జాలిపడకు, అలాగే పాతితే పెద్దయ్యాక ఆ వేళ్లే మొదలుని బిగించేస్తాయి. ఊతకర్ర, మేకలకి అందకుండా ముళ్లకంప. మొదటి రెండు వేసవులూ నాలుగు రోజులకోసారి పదిహేను లీటర్ల నీళ్లు. ఆ నీళ్లు ఎవరు పోస్తారో తేలాకే గుంత తవ్వించు. నాన్న పౌడరు డబ్బా రేకు కత్తిరించి, మేకుతో పేరు పొడిచి కుండీలకి కట్టేవాడు చూడు, 'నేరేడు' అన్న రేకులో 'డు'కి కొమ్ము ఎప్పుడూ పొడుగు పోయేది. ఆ రేకులు మీ అమ్మ బీరువాలోనే ఉన్నాయి, అడుగు. చెట్టుకి మేకు కొట్టకు, ఊతకర్రకి కట్టు.

నాన్న మీద వీడియో కూడా చేయిస్తున్నారట, తాళి కట్టే ముందు వేస్తారట. పగటి వెలుతురులో తెర మీద ఏమీ కనిపించదు, అదొకటి. ముహూర్తం దగ్గరపడుతుంటే నువ్వూ అమ్మా ఏడుస్తూ కూర్చుంటారు, అది రెండోది. సాయంత్రం భోజనాల దగ్గర వేసుకోండి. ఫొటో మంటపం మీద వద్దు, వచ్చేవాళ్లు చూసే గుమ్మం దగ్గర పెట్టు. దీపం గాజుచిమ్నీలో పెడితే గాలికి ఆరదు.

ఇప్పుడు నా అసలు భయం. నాన్న లేడు కాబట్టి నీ కన్యాదానం నేనూ మీ పెద్దమ్మా చెయ్యాలి.

మన బంధువుల్లో ఒక అమ్మాయి పెళ్లి, ఇదే ఊళ్లో జరిగింది. తండ్రి లేడు. మేనమామ దంపతులు కన్యాదానం చేశారు. శుభలేఖ కూడా వాళ్ల పేరునే వేశారు, పిలిచేది వాళ్లే కాబట్టి. పురోహితుడు ఆ ఉదయమే ఇంకో పెళ్లి చేయించి వచ్చాడు, వివరాలేమీ రాసుకోలేదు. గోత్రం, వంశం వినిపించే ప్రవర చెప్పే వేళకి చేతికందిన కాగితం శుభలేఖే. అందులో ఉన్న పేరు తండ్రి పేరనుకుని చదివేశాడు. ఫలానావారి నప్త్రీం, ఫలానావారి పౌత్రీం, ఫలానావారి పుత్రీం అని మునిమనవరాలు, మనవరాలు, కూతురు అనే మూడు తరాల వరస ఉంటుంది చూడు, అందులో కూతురు అన్నచోట మేనమామ పేరు పడింది. మేళం జోరుగా వాయిస్తున్నారు, ఫొటోగ్రాఫరు అందర్నీ ఇటు తిరగండి అంటున్నాడు. మూడుసార్లు చదివాడు, మూడుసార్లూ అదే. తల్లి లోపల సామాన్ల గదిలో పళ్లేలు లెక్కపెడుతోంది, ఎవరో అక్కడే ఉండమన్నారు. విన్నది పెళ్లికూతురొక్కతే. తల దించుకుని కూర్చున్న పిల్ల ఏమని అడ్డుపడుతుంది? పిల్లలు పుట్టాక ఎప్పుడో మీ పెద్దమ్మతో చెప్పుకుని ఏడ్చింది.

పెళ్లంతటిలో మీ నాన్న పేరు గట్టిగా, అందరి ముందూ పలికేది అక్కడే. ఫొటో, వీడియో మనం కల్పించుకున్నవి. ప్రవరలో మాత్రం దానం ఎవరు చేసినా నువ్వు వాడి కూతురివే. అక్కడ వాడి పేరు పడాల్సిన చోట నా పేరు పడితే నేను బతికున్నన్నాళ్లూ తట్టుకోలేను.

కాబట్టి ఇలా చెయ్యి. శుభలేఖలో పిలిచేవాళ్లుగా మా పేర్లు ఉన్నా, నీ పేరు పక్కన నాన్న పేరు ఉండి తీరాలి. కీ.శే. అని వెయ్యాలా వద్దా అన్నది మీ అమ్మ ఇష్టం. రెండు వైపులవాళ్ల గోత్రం, ప్రవర ఋషులు, మూడు తరాల పేర్లు ఇంటిపేర్లతో సహా పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయి. ఫోనులో వద్దు. మూడు కాపీలు: ఒకటి ముందురోజు సాయంత్రం పురోహితుడి చేతికి, ఆయన చేత ఒకసారి పైకి చదివించి. ఒకటి నా దగ్గర. ఇంకోటి మీ తమ్ముడి జేబులో, వాడు ఆయన పక్కనే నిలబడి వినాలి. తప్పు పడితే సిగ్గుపడకుండా ఆపాలి, మళ్లీ చెప్పించుకోవచ్చు, దోషం లేదు. పురోహితుడికి చిన్న కాలర్ మైకు పెట్టించు. మేళగాళ్ల పెద్దకి ముందే చెప్పు, ప్రవర మొదలైనప్పుడు ఆపి, అయ్యాక ఎంత కావాలంటే అంత వాయించుకోమని.

మీ అమ్మ మంటపంలోనే కూర్చోవాలి, నీ పక్కన. ఎవరైనా గొణిగితే నా దగ్గరికి పంపు. యాజ్ఞవల్క్య స్మృతిలో కన్యాదానం చేసేవాళ్ల వరస తండ్రి, తాత, సోదరుడు, సకుల్యుడు (అదే వంశంలోని బంధువు), తల్లి అని ఉంది. తల్లికి అక్కడే చోటు ఇచ్చారు. మరదలు తానే చేస్తానంటే నేనూ మీ పెద్దమ్మా సంతోషంగా పక్కకి జరుగుతాం, నాకేం చిన్నతనం లేదు. నువ్వే అడుగు, నేనడిగితే మొహమాటపడి వద్దంటుంది.

వియ్యాలవారి మూడు తరాల పేర్లు ఆదివారంలోగా తెప్పించు. తోట యజమాని నంబరు పంపు, పూత మందు సంగతి నేను మాట్లాడతాను. పాలికల మట్టి నేనే తెస్తాను, ఎక్కడా కొనకు.

మీ పెదనాన్న

తా.క. పెద్దమ్మ రాయమంది: తోటలో పొద్దున మంచు పడుతుంది, పెద్దవాళ్ల కుర్చీల మీద దుప్పట్లు పెట్టించమంది. నీ పట్టుచీర కింద మడమల దాకా మందపాటి లంగా వేసుకోమంది.