ఆన్‌లైన్‌లో ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాప్: వాళ్ళ బల్ల మీకు కనపడాలి

విజయనగరంలో కూర్చుని ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి పిల్లల చేత ఆన్‌లైన్‌లో చీకటి పడగానే వెలిగే దీపం చేయించగలమా అని అడిగారు. చేయించొచ్చండీ. నేను రాయగడ నుంచి ఇదే పని చేస్తున్నాను.

ముందు, సామాను మొత్తం మీరే పంపండి. ఊళ్ళో కొనుక్కోమంటే బీసీ 547 అనే ట్రాన్సిస్టర్ (ఇక్కడ స్విచ్‌లా పనిచేసే మూడు కాళ్ళ ముక్క) లేదని కొట్టువాడు 2ఎన్ 3904 చేతిలో పెడతాడు. చదునువైపు మనకేసి పెట్టి కాళ్ళు కిందికి పట్టుకుంటే, మొదటిదానికి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ అనే కాళ్ళు ఉంటాయి. రెండోదానికి ఇదే తిరగేసి ఉంటుంది. చూడ్డానికి మాత్రం రెండూ కవలపిల్లలే. సెల్స్ ఒక్కటే అక్కడ కొనుక్కోమనండి: మూడు పెన్సిల్ సెల్స్, 4.5 వోల్టులు. లిథియం సెల్ పార్సిల్లో వేయకండి.

వీడియోలో రంగులు అస్సలు నమ్మొద్దు. కరెంటుని తగ్గించే రెసిస్టర్ మీద గీతలు ఎరుపు-ఎరుపు-గోధుమ అంటే 220 ఓమ్‌లు, ఎరుపు-ఎరుపు-నారింజ అంటే 22 వేలు. బల్బు వెలుతురులో ఈ రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే రెసిస్టర్లని కాగితానికి అతికించి, పక్కన పెద్ద అంకె వేసి పంపుతాను. తెలుగులో సూచనలు అచ్చు వేసి పంపడం కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు. చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. మన లిపి రాదు. బొమ్మ గీసి పంపండి.

చెప్పేటప్పుడు కుడి, ఎడమ, పైన, కింద అన్న మాటలు వాడకండి. బోర్డు ఎవరి ముందు ఎటు తిరిగి ఉందో ఎవరికి తెలుసు? బ్రెడ్‌బోర్డు (అతకకుండా కాళ్ళు గుచ్చే చిల్లుల పలక) మీద అంకెలూ అక్షరాలూ ఉండనే ఉన్నాయి. ‘12 సీలో ఒక కాలు, 15 సీలో ఇంకోటి’ అంటే గొడవ ఉండదు.

అసలు కిటుకు ఫోటోలో ఉంది. మెట్టు మెట్టుకీ బోర్డుని నిటారుగా పైనుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. అందరివీ వచ్చేదాకా తర్వాతి మెట్టు చెప్పకండి. ఆ మౌనానికి మీకు టెన్షన్ వస్తుంది, రానివ్వండి. కరెంటు పోయి వైఫై ఆగినా మొబైల్ డేటాలో ఒక ఫోటో ఎలాగో వెళ్తుంది, వీడియో వెళ్ళదు. ఓసారి గుణుపురం అమ్మాయి బోర్డులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, దీపం మాత్రం వెలగలేదు. ఫోటో పెద్దది చేసి చూస్తే అంచున ఎర్రగీత మధ్యలో తెగి ఉంది. కొన్ని పొడుగు బోర్డుల్లో ఆ గీత వెంట కరెంటు నడిచే పట్టీ అక్కడితో ఆగిపోతుంది, అవతలి సగానికి కరెంటు పోదు. చిన్న తీగముక్కతో రెండు సగాలూ కలపగానే వెలిగింది. వీడియోలో అయితే ఆ సందు నా కంట పడేది కాదు.

మొదట రెసిస్టర్, ఎల్ఈడీ, సెల్స్ మాత్రమే పెట్టించి వెలిగించండి. పొడుగు కాలు ప్లస్‌కి. ఆ తర్వాత ట్రాన్సిస్టర్, ఆఖరున వెలుతురు సెన్సర్. ఏ మెట్టులో పని చేయకపోతే తప్పు అక్కడే ఉంటుంది, మొత్తం వెతకక్కర్లేదు. సెన్సర్‌ని అరచేత్తో మూసి చూడమంటే పగలే ఫలితం తేలిపోతుంది.

ఒక్కరే నడిపితే ఆరుగురికి మించి తీసుకోకండి. సోల్డరింగ్ (వేడి చేసి లోహం కరిగించి అతకడం) మాత్రం, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పక్కన కూర్చుంటామంటే తప్ప పెట్టుకోవద్దు.