టెక్ సందేహాలు: చీకట్లో పిట్ట కనిపిస్తే చాలా, పేరు కూడా తెలియాలా?

ప్రశ్న: మాది వైజాగ్ మధురవాడ. సెలవు దొరికితే కంబాలకొండ, కొండకర్ల ఆవ వైపు పక్షులు చూడ్డానికి వెళ్తుంటాం. తెల్లవారుజామున మసక వెలుతురులో పొదల్లో ఏదో కదులుతుంది, బైనాక్యులర్ పెట్టేలోపు మాయం. థర్మల్ బైనాక్యులర్ కొంటే నైట్‌జార్లు (రాత్రిపూట తిరిగే పిట్టలు), గుడ్లగూబలు దొరుకుతాయా? 640 సెన్సర్ కావాలా, 384 సరిపోతుందా? షాపులో ఎనిమిది రెట్ల జూమ్ అని చెబుతున్నారు.

జవాబు: దొరుకుతాయండీ. కాకపోతే అది ఏ పిట్టో మీకు తెలియదు, డబ్బు కట్టే ముందు ఈ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. థర్మల్‌కి రంగులు తెలియవు, వేడి ఒక్కటే తెలుసు. ఈకల మీద చారలు, గొంతు దగ్గర తెల్ల మచ్చ, రెక్క అంచున పట్టీ, ఇలా మనం గుర్తుపట్టడానికి ఆధారపడే ఆనవాళ్లేవీ అందులో ఉండవు. కొమ్మ మీద తెల్లటి ముద్ద ఒకటి, కళ్ల దగ్గరా కాళ్ల దగ్గరా కాస్త ఎక్కువ వెలుగు, అంతే. పిట్ట ఒంట్లో 40 డిగ్రీల పైన వేడి ఉన్నా ఈకలు దాన్ని బయటికి రానివ్వవు కదా, అందుకే ఈకల్లేని చోట్లే బాగా మెరుస్తాయి.

ఇక సెన్సర్ సంగతి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పక్షి ఎంత వివరంగా కనిపిస్తుందనేది 640, 384 అంకెల్లో (సెన్సర్‌లో అడ్డంగా ఎన్ని చుక్కలు, అంటే పిక్సెళ్లు, ఉన్నాయో చెప్పేవి) లేదు, పిక్సెల్ సైజులోనూ లెన్స్‌లోనూ ఉంది. 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పిక్సెల్‌కి 35 ఎంఎం లెన్స్ ఉంటే, 100 మీటర్ల దూరంలో ఒక్కో చుక్క సుమారు మూడున్నర సెంటీమీటర్ల మేర చూస్తుంది. నైట్‌జార్ పొడవు పాతిక సెంటీమీటర్లు అనుకుంటే ఏడు చుక్కలు, పిచ్చుకైతే నాలుగు. 25 ఎంఎం లెన్స్‌లో అదే నైట్‌జార్ ఐదు చుక్కలే, 50 ఎంఎంలో పది. ఇందులో 640 సెన్సర్ పెట్టినా, 384 పెట్టినా ఈ లెక్క మారదు! మారేది ఒక్కసారి చూపులోకి వచ్చే వెడల్పు. అదే 35 ఎంఎం లెన్స్‌తో 384కి ఏడున్నర డిగ్రీలు, 640కి పన్నెండున్నర డిగ్రీల దాకా వస్తుంది. పొదల్లో వెతుక్కునేవాళ్లకు ఆ వెడల్పు నిజంగానే పనికొస్తుంది, కాబట్టి డబ్బుంటే 640 తీసుకోండి, లేకపోతే బాధపడాల్సిందేమీ లేదు.

ఎనిమిది రెట్ల జూమ్ అంటే చాలావరకు డిజిటల్ జూమే, ఉన్న ఏడు చుక్కల్నే పెద్దవి చేసి చూపిస్తుంది. జూమ్ వాడకుండా ఎన్ని రెట్లు కనిపిస్తుందో అడగండి, షాపువాళ్లు దాని గురించే తక్కువ మాట్లాడతారు.

జూమ్ కంటే ముందు అడగాల్సింది ఎన్ఈటీడీ. ఎంత చిన్న ఉష్ణోగ్రత తేడాని సెన్సర్ పట్టగలదో మిల్లీకెల్విన్లలో (డిగ్రీలో వెయ్యో వంతు) చెప్పే అంకె అది, ఎంత తక్కువుంటే అంత మంచిది. మన వైజాగ్‌లో దీనికి ఇంకా విలువ. ఎందుకంటే మే నెల రాత్రి గాలే 28, 29 డిగ్రీలుంటే పిట్టకీ పరిసరాలకీ తేడా బాగా తగ్గిపోతుంది, దానికి తోడు సముద్రపు తేమ దూరపు దృశ్యాన్ని ఇంకాస్త మసకబారుస్తుంది. చలిదేశాల్లో తీసిన యూట్యూబ్ వీడియోలు చూసి ఇక్కడా అలాగే ఉంటుందనుకోకండి. జనవరిలో లంబసింగి వైపు వెళ్తే ఆ మజా కొంత తెలుస్తుంది. వైజాగ్‌కైతే 25 మిల్లీకెల్విన్లు, అంతకన్నా తక్కువ ఉన్నవే చూడండి. లెన్స్ అపర్చర్ (వేడి లోపలికి వచ్చే తెరుపు, అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్1.0 అయితే ఇంకా మంచిది, ఎఫ్1.2 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వేడి సెన్సర్‌కి చేరుతుంది. ఎగిరే పక్షుల కోసం రిఫ్రెష్ రేటు 50 హెర్ట్జ్ ఉండాలి, అంటే సెకనుకి యాభైసార్లు బొమ్మ మారాలి. 9 హెర్ట్జ్ అయితే గెంతుతూ కనిపిస్తుంది.

ఎండెక్కాక మాత్రం దాన్ని బ్యాగులో పెట్టేయండి. బండలు, ఎండుటాకులు పిట్టకంటే వేడెక్కి కూర్చుంటాయి.

నా సలహా అడిగితే బైనాక్యులర్ రకం వద్దంటాను. చాలా థర్మల్ బైనాక్యులర్లలో సెన్సర్ ఒకటే, రెండు కళ్లకీ అదే బొమ్మ చూపిస్తాయి, లోతు తెలియదు. కంటికి శ్రమ తక్కువ, నిజమే, కానీ ఆ సుఖానికి లక్షల్లో కట్టాలా? 35 ఎంఎం లెన్స్ థర్మల్ మోనాక్యులర్ (ఒంటి కన్నుతో చూసేది) ఒకటి, మామూలు 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, 42 ఎంఎం లెన్సులున్నది) ఒకటి పెట్టుకోండి. మొదటిదాంతో పిట్ట ఎక్కడుందో పట్టుకుని, వెలుతురు రాగానే రెండోదాంతో ఎవరో తేల్చుకోవచ్చు. రెండు పనులూ ఒకదాంట్లోనే కావాలంటే పల్సర్ మెర్జర్ డ్యూయో, హిక్‌మైక్రో హాబ్రాక్ లాంటివి థర్మల్‌తో పాటు మామూలు డిజిటల్ దృశ్యం కూడా చూపిస్తాయి. ధర చూసి ఇంట్లో మాట్లాడుకున్నాకే వెళ్లండి.

ఇంకోమాట. ఇది తూర్పు నౌకాదళం ఊరు. డాల్ఫిన్స్ నోస్, హార్బర్ పరిసరాల్లో రాత్రిపూట వీడియో రికార్డయ్యే థర్మల్ పరికరం కంటికి పెట్టుకుని నిలబడితే, పిట్టల కోసం అని మీరెంత చెప్పినా పోలీసులకి అనుమానం రాక మానదు. చీకటి పడ్డాక కంబాలకొండలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. నైట్‌జార్ నేల మీదే గుడ్లు పెడుతుంది, తెల్లగా మెరిసింది కదాని దగ్గరికి నడిచేయకండి.

ప్రశ్న: ఫోన్‌కి తగిలించే థర్మల్ కెమెరా చవగ్గా వస్తోంది కదా, దాంతో సరిపెట్టుకోవచ్చా? కారులో కూర్చుని చూడొచ్చా?

జవాబు: సరిపోదు. 160x120 సెన్సర్ ఉన్న రకం చూపు 50 డిగ్రీల పైనే ఉంటుంది, అంటే 20 మీటర్ల దూరానికే ఒక్కో చుక్క పన్నెండు సెంటీమీటర్లు, పిచ్చుక మొత్తం ఒక చుక్కలో పోతుంది. ఇంట్లో ఏసీ చల్లదనం ఎటు కారిపోతోందో, స్విచ్‌బోర్డు ఎక్కడ వేడెక్కుతోందో చూసుకోవడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. కారులోంచి చూడాలంటే, ఏ థర్మల్ పరికరమైనా సరే, అద్దం దించాల్సిందే. గాజు ఈ కిరణాల్ని పోనివ్వదు, అందుకే వీటి లెన్సులు ఎక్కువగా జర్మేనియంతో చేస్తారు. అద్దం ఎత్తి చూస్తే మీ మొహం మీకే కనిపిస్తుంది.