టిప్స్ అమ్మకుండా గుర్రప్పందాల వార్తలు నడుస్తాయా?

ప్రశ్న: నమస్కారమండి, మాది పాలకొల్లు. హైదరాబాద్‌లో ఓ పేపర్ స్పోర్ట్స్ డెస్క్‌లో కొన్నాళ్ళు చేసి ఇంటికొచ్చేశాను. ఇప్పుడు మలక్‌పేట రేసుల మీద సొంతంగా ఆన్‌లైన్లో రాస్తున్నా, వీడియోలు కూడా పెడదామనుకుంటున్నా. చదివేవాళ్ళు బానే ఉన్నారు గానీ అందరూ అడిగేది ఒకటే, ఆదివారం ఏ గుర్రం కొడుతుందని. టిప్స్ ఇస్తే డబ్బులిస్తామంటున్నారు, బెట్టింగ్ యాప్ తరఫున ఒకాయన యాడ్ ఇస్తానన్నాడు. నాకు రెండూ ఇష్టం లేదు. పాఠకుల దగ్గరే తలా కొంత పోగుచేసి క్రౌడ్‌ఫండింగ్ చేస్తే వర్కవుట్ అవుతుందా?

జవాబు: ముందు ఆ యాడ్ సంగతి వదిలెయ్యండి బాబూ. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి యాడ్ వేసినా రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. టిప్స్ మాటకొస్తే అది చట్టం కన్నా పెద్ద చిక్కు, ఎందుకంటే వంద మందికి టిప్ అమ్మినవాడు ఆ గుర్రం ఓడిపోతే జాకీని తిట్టాలి, గెలిస్తే ట్రైనర్ని పొగడాలి, ఇంక రిపోర్టింగ్ ఎక్కడుంటుంది చెప్పండి.

క్రౌడ్‌ఫండింగ్ నడుస్తుంది, నడిపినవాళ్ళున్నారు. నెదర్లాండ్స్‌లో 2013లో డి కరెస్పాండెంట్ అనే సైట్ ఇంకా మొదలవ్వకముందే జనం దగ్గర పది లక్షల యూరోల పైన పోగుచేసింది. మన ఢిల్లీలో 2012లో పెట్టిన న్యూస్‌లాండ్రీ చందాదారుల మీద నడుస్తోంది, ఒక్కో పెద్ద స్టోరీకి విడిగా కూడా డబ్బు అడుగుతారు. మీకు పనికొచ్చేది ఈ రెండోదే. "మమ్మల్ని సపోర్ట్ చెయ్యండి" అంటే ఎవరూ జేబులో చెయ్యి పెట్టరండి, ఫలానా పని చేస్తాను ఇంత ఖర్చవుతుంది అని చెప్పండి.

ఉదాహరణకి ఫేవరెట్‌గా, అంటే గెలుస్తుందని ఎక్కువమంది డబ్బు పెట్టిన గుర్రం అయిదో స్థానంలో వచ్చిందనుకోండి. రీప్లే చూస్తే ఆఖరి 400 మీటర్లలో మిగతా జాకీలంతా ముందుకి వంగి తోస్తుంటే ఈ జాకీ చేతులు మాత్రం కదలట్లేదు, కొరడా బయటికి రాలేదు. గ్యాలరీలో అందరూ "పుల్ చేశాడ్రా", అంటే కావాలనే గుర్రాన్ని ఆపేశాడని అరుస్తారు, టికెట్లు చింపేసి ఇంటికెళ్ళిపోతారు. తర్వాత స్టివార్డ్స్, అంటే రేసుల్లో తప్పొప్పులు తేల్చే అధికారులు, ఎంక్వైరీ పెట్టారా, వీడియో వేసి జాకీని అడిగారా, ఏం తేల్చారు, అదే జాకీ అదే గుర్రం మీద కిందటిసారి ఎలా తోలాడు, అప్పుడు గుర్రం మీద పందెం రేటెంత, ఇదంతా ఒక సీజన్ మొత్తానికి కూర్చుని రాసేవాడు కావాలి. ఈ పనికి రైలు టికెట్లు, మలక్‌పేటలో గది అద్దె, వీడియో ఎడిటింగ్ ఖర్చు వేసి ఒక అంకె చెప్పండి, ఆ అంకె రాకపోతే తిరిగిచ్చేస్తానని కూడా ముందే రాసేయండి. కుదిరాక అప్పుడు నెలకి 99 రూపాయల యూపీఐ ఆటోపే పెట్టండి.

లెక్క మాత్రం మన ఊళ్ళల్లో జాతర చందాల లెక్క గుడి గోడకి అంటించినట్టు పైసలతో సహా పెట్టాలి. గుర్రం ఓనరో బుకీయో లక్ష పంపితే పేరు రాయండి, లేదా వెనక్కి పంపండి. నేనైతే వెనక్కే పంపుతాను, లక్ష ఇచ్చిన ఒక్కడి కన్నా వంద ఇచ్చిన వెయ్యి మంది మీకు మేలు, అందులో పది మందికి కోపమొచ్చినా మీరు రోడ్డున పడరు. ఇంకోటి, లాభాల్లో వాటా ఇస్తానని మాత్రం నోరు జారకండి, అలా ఆన్‌లైన్లో జనానికి వాటాలమ్మి డబ్బు తీసుకోడానికి షేర్ మార్కెట్‌ని చూసుకునే సెబీ ఒప్పుకోదు. ఊరికే ఇచ్చిన విరాళాలైనా బయటివాళ్ళ దగ్గర్నుంచి ఏడాదికి మొత్తం 50 వేలు దాటితే, దాటిందానికే కాదు మొత్తానికీ ఇన్‌కమ్ టాక్స్ లెక్క వస్తుంది, కాబట్టి మొదట్నుంచే ఆదాయంగా రాసుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు కూడా ఇలాంటి రేసుల ఛానెలే పెట్టాడు. మా బావగారు డల్లాస్‌లో ఉంటారు, ఫ్రెండ్సందర్నీ అడిగి డాలర్లు పంపిస్తానంటున్నారు. తీసుకోవచ్చా? (అమలాపురం)

జవాబు: కోనసీమలో డల్లాస్ బావగారు లేని ఇల్లుందా అండి! బావగారిది ఇండియన్ పాస్‌పోర్టేనా, అమెరికా సిటిజన్‌షిప్ తీసేసుకున్నారా అన్నది అడగండి. ఇండియన్ పాస్‌పోర్టుండి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరుడైపోతే ఓసీఐ కార్డున్నా విదేశీ సొమ్మే. విదేశీ విరాళాల మీద ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం 2010లో వచ్చింది, ఆడియో వీడియో వార్తలు చేసే సంస్థలు, వాటి ఎడిటర్లు, ఓనర్లు విదేశీ విరాళం పుచ్చుకోకూడదని అందులో ఉంది. ఫ్రెండ్సందరి డబ్బూ కలిపి బావగారి ఖాతాలోంచి పంపిస్తే సరిపోతుందిలే అనుకోకండి. ఒక్క రూపాయి రాకముందే ఆడిటర్‌ని కలవమనండి.

ప్రశ్న: సంక్రాంతికి కోడిపందాలు చాలక ఇప్పుడు గుర్రప్పందాలకి చందాలా? జూదానికి వార్తలెందుకండీ? (భీమవరం)

జవాబు: భీమవరం నుంచి ఈ ప్రశ్న రావడం నాకు భలే నచ్చిందండి. గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆటేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది, జూదం కాదంది. ఆ తీర్పు ఉన్నా కూడా ప్రభుత్వం పందెం మొత్తం మీద ముందు 28 శాతం, 2025 సెప్టెంబర్ నుంచి 40 శాతం జీఎస్టీ వేస్తోంది. ఇంత పన్ను కట్టించుకునే ఆటలో ఏం జరుగుతోందో అడక్కూడదా?

పైగా గుర్రం నోరు లేనిది. 2025లో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కి తరలించిన గుర్రాల్లో చాలా చచ్చిపోయి సంగతి హైకోర్టు దాకా వెళ్ళింది. అమెరికాలో 2019లో శాంటా అనిటా రేస్‌కోర్సులో గుర్రాలు వరసగా చస్తుంటే పేపర్లు ఆ లెక్క వదలకుండా రాశాయి, 2020 చివర్లో గుర్రాల భద్రతకి అక్కడ కేంద్ర చట్టమే వచ్చింది. మన దగ్గర అలా లెక్క రాసే మనిషిని జీతమిచ్చి ఎవరు పెట్టుకుంటారు, రేసులు నడిపే క్లబ్బు పెట్టుకోదు, బుకీ అస్సలు పెట్టుకోడు. మీకు పందేలంటే అంత మంటగా ఉంటే పాలకొల్లు కుర్రాడికి ఒక 99 మీరే వెయ్యండి, జబల్‌పూర్ లాంటి స్టోరీకి.