లైనక్స్ లాప్‌టాప్‌తో గిటార్ ఆంప్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, నా దగ్గర బాస్ కటానా 50 ఆంప్ ఉంది. లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, ఉబుంటు తప్ప ఇంకేం లేదు. ఆంప్‌లో ఎఫెక్టులు మార్చుకునే టోన్ స్టూడియో విండోస్‌కీ మ్యాక్‌కీ మాత్రమే ఉంది. దీనికోసం మళ్ళీ విండోస్ వేయాల్సిందేనా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. సౌండ్ తయారయ్యేది ఆంప్ లోపలి చిప్‌లో, నీ లాప్‌టాప్‌లో కాదు. టోన్ స్టూడియో టీవీ రిమోట్ లాంటిది, కంపెనీ రిమోట్ లేకపోతే వేరే రిమోట్‌తో పని నడుస్తుంది. నువ్వు స్క్రీన్ మీద గెయిన్ తిప్పినప్పుడల్లా ఒక చిన్న మిడీ (సంగీత పరికరాలు మాట్లాడుకునే భాష) సందేశం యూఎస్‌బీ వైరులో వెళ్ళి, ఫలానా చోట ఫలానా విలువ పెట్టమని ఆంప్‌కి చెబుతుంది. ఈ రకం సందేశాలను సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అంటారు. ప్రతి సందేశం ఎఫ్0 తో మొదలై ఎఫ్7 తో ముగుస్తుంది, ఎఫ్0 పక్కనే కనిపించే 41 రోలాండ్ కంపెనీ గుర్తు, బాస్ కూడా ఆ కంపెనీ బ్రాండే. ఈ సందేశాల తీరు తెలిస్తే ఎవరైనా ఎడిటర్ రాయొచ్చు. అలా రాసిందే కటానా ఎఫ్‌ఎక్స్ ఫ్లోర్‌బోర్డ్. ఉచితం, లైనక్స్ మీద నడుస్తుంది. కాకపోతే కటానాలో మొదటి తరానికీ మార్క్ 2 కీ లోపలి చిరునామాలు వేరు, కాబట్టి నీ ఆంప్ ఏ తరమో వెనక పలక మీద చూసుకుని దానికి తగ్గ వెర్షనే దించుకో. ఒకదానిది ఇంకోదానికి వాడితే గెయిన్ తిప్పితే ఇంకేదో మారుతుంది, లేదా ఏదీ మారదు.

వైరు ప్రింటర్‌కి వాడేదే, ఒక కొస చదరంగా ఉంటుంది. ఆంప్ ఆన్ చేసి వైరు పెట్టాక టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అని చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టు. వచ్చిన జాబితాలో రోలాండ్ పేరు ఉంటే వైరూ పోర్టూ బాగున్నట్టే. డ్రైవర్ కోసం ఎక్కడా వెతకొద్దు, లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ముందే ఉన్న యూఎస్‌బీ ఆడియో డ్రైవరే దాన్ని పట్టుకుంటుంది. తర్వాత ఎడిటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి మిడీ ఇన్, మిడీ అవుట్ రెండింటికీ కటానానే ఎంచుకో. చాలామంది అవుట్ ఒక్కటి పెట్టి ఇన్ వదిలేస్తారు, అప్పుడు ఆంప్ ఇచ్చే జవాబు ఎడిటర్‌కి వినపడదు, కనెక్ట్ కాలేదని చూపిస్తూనే ఉంటుంది. కటానా పేరుతో ఒకటి కంటే ఎక్కువ పోర్టులు కనపడితే మొదటిది పెట్టి చూడు. అసలు పేరే రాకపోతే నీ యూజర్ ఖాతా ఆడియో గ్రూపులో ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ రా.

ఇంకో మాట. స్క్రీన్ మీద మార్చినవన్నీ తాత్కాలికమే, ఆంప్ ఆపితే పోతాయి. నచ్చిన సౌండ్ రాగానే ఆంప్ మీద ఛానల్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకో, అప్పుడే అది ఆ ఛానల్‌లో నిలుస్తుంది. ఏమీ మార్చకముందే ఇప్పుడున్న సెట్టింగులను ఒక ఫైల్‌గా దాచుకోవడం ఇంకా ముఖ్యం, తర్వాత పాత సౌండ్లు కావాలంటే ఆ ఫైలే ఆదుకుంటుంది.

లైనక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో విండోస్ పెట్టి యూఎస్‌బీని దానికి అప్పగించే పద్ధతీ ఉంది గానీ 4 జీబీతో అది ఈడ్చుకుంటూ నడుస్తుంది, నీకు ఆ సలహా ఇవ్వను. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్‌తో గంటలు పోగొట్టుకోవడమూ దండగే, చేతిలో లైనక్స్ ఎడిటర్ ఉండగా ఎందుకు? ఒక్క ఫర్మ్‌వేర్ (ఆంప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మాత్రం ఎవరిదైనా అసలైన విండోస్ లాప్‌టాప్ అడిగి తెచ్చుకుని దాంట్లోనే చెయ్యి. అప్‌డేట్‌లోకి వెళ్ళినప్పుడు ఆంప్ ఒకసారి తెగిపోయి వేరే పరికరంలా మళ్ళీ తగులుకోవచ్చు, ఆ క్షణంలో వర్చువల్ మెషీన్ చేతిలోంచి అది జారిపోతే కొత్త సాఫ్ట్‌వేర్‌ని ఆంప్‌లోకి రాయడం సగంలో ఆగుతుంది. కరెంటు పోయే వేళల్లో కూడా ఆ పని పెట్టుకోకు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, ఆంప్‌కి ఉండదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఫెండర్ ముస్టాంగ్ 2 ఆంప్ కొన్నాను, పాత మోడల్. దాని ఎడిటర్ ఫ్యూజ్ వైన్‌లో ఎంత ప్రయత్నించినా తెరుచుకోవడం లేదు. డబ్బులు వృథా అయినట్టేనా?
– ప్రైవేటు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: వృథా కాలేదండీ, మంచి ఆంపే కొన్నారు. ఫ్యూజ్ నడవడానికి మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ కావాలి, దానికి మైక్రోసాఫ్ట్ 2021 అక్టోబరులో మద్దతు ఆపేసింది. ఫ్యూజ్‌ని ఫెండర్ కూడా వదిలేసింది. అంటే విండోస్ ఉన్నవాళ్ళకి సైతం ఇదే తలనొప్పి. ఈ విషయంలో లైనక్స్ వాళ్ళే నయం, ఎందుకంటే ప్లగ్ అనే ఓపెన్ సోర్స్ ఎడిటర్ మొదటి, రెండో తరం ముస్టాంగ్‌ల కోసమే రాశారు. సోర్స్ దించుకుని దానికి కావాల్సిన సీమేక్, క్యూటీ, లిబ్‌యూఎస్‌బీ అనే సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని కంపైల్ చేసుకోవాలి (అంటే సోర్స్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవాలి), అలవాటు లేకపోతే ఒక సాయంత్రం పడుతుంది.

కంపైల్ అయ్యాక ఆంప్ దొరకలేదని చెబితే కంగారు పడకండి. ముస్టాంగ్ మాట్లాడేది మిడీలో కాదు, నేరుగా యూఎస్‌బీలో 64 బైట్ల ప్యాకెట్లు పంపుతుంది, మామూలు యూజర్‌కి అలా రాసే అనుమతి లైనక్స్ ఇవ్వదు. పరికరాల అనుమతులు చెప్పే యూడెవ్ రూల్స్ ఫైల్ ఒకటి పెట్టి, ఫెండర్ వెండర్ నంబరు 1ఈడీ8 ఉన్న పరికరానికి మీ గ్రూపు రాయొచ్చు అని చెప్పాలి, ఆ తర్వాత వైరు ఒకసారి పీకి పెట్టండి. అనుమతి గొడవ ఎందుకని ఎడిటర్‌ని ఎప్పుడూ పూర్తి అధికారాలిచ్చే సుడోతో నడిపేవాళ్ళున్నారు, ఆ అలవాటు వద్దు. ఇదే ధైర్యంతో ముస్టాంగ్ ఎల్‌టీ25 లాంటి తర్వాతి మోడల్ కొనకండి, దానికి ప్లగ్ పనికిరాదు.

ప్రశ్న: మా చర్చిలో పిలకాయలకి గిటార్ నేర్పిస్తున్నాను. ఆంప్‌ని లాప్‌టాప్‌కి యూఎస్‌బీతో కలిపి రికార్డు చేస్తుంటే గుయ్యిమని మోత వస్తోంది. చార్జర్ ఎర్త్ పిన్ తీసేస్తే మోత పోతుందని ఒకాయన చెప్పాడు. తీసేయమంటారా?
– సంగీతం టీచర్, నెల్లూరు

జవాబు: వద్దమ్మా, దయచేసి ఆ పని చేయొద్దు. గిటార్ తీగలు ఇనుపవి, అవి ఆంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. పిల్లవాడు తీగల మీద చెయ్యి పెట్టి, మూతి మైక్‌కి తగిలించి పాడతాడు. ఆంప్ వైపు గానీ మైక్ వైపు గానీ ఎర్త్ తెగి ఉండి లోపల ఎక్కడైనా లీకేజీ ఉంటే, ఆ కరెంటు ఆ బిడ్డ ఒంటి గుండానే పోతుంది. మోత కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

మోత ఎక్కడిదో పట్టుకోవడం తేలికే. చార్జర్ మొత్తం పీకేసి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి. మోత ఆగిందంటే ఆంప్ ఎర్త్‌కీ చార్జర్ ఎర్త్‌కీ మధ్య యూఎస్‌బీ వైరు గుండా చుట్టు ఏర్పడిందన్నమాట. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో, ఎర్త్ బాగున్న సాకెట్ నుంచి పెట్టండి, చాలాసార్లు దాంతోనే తగ్గుతుంది. లేకపోతే రికార్డింగ్ సేపు బ్యాటరీ మీదే ఉంచండి. బ్యాటరీ మీద కూడా మోత ఉంటే అది చాలావరకు యూఎస్‌బీ వల్ల కాదు, ట్యూబ్‌లైట్ వల్లో గిటార్‌లోని సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ వల్లో వస్తోంది. గిటార్ పట్టుకుని నిలబడిన చోటే తిరిగి చూడండి, ఒక దిక్కుకి తిరిగితే తగ్గుతుంది. హాల్ పాతదైతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్లలో ఎర్త్ ఉందో లేదో చూపించండి. మూడు రంధ్రాలు కనపడినంత మాత్రాన లోపల ఎర్త్ వైరు ఉందని అనుకోవద్దు.

ప్రశ్న: ఆంప్ కొనే స్తోమత లేదు. గిటార్‌ని లాప్‌టాప్ మైక్ సాకెట్‌లో పెట్టి లైనక్స్‌లో ఆంప్ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చా?
– ఇంటర్ విద్యార్థి, కందుకూరు

జవాబు: సాఫ్ట్‌వేర్‌కి లోటు లేదు. గిటారిక్స్ ఉంది, ఉచితం, ఆంప్ నుంచి పెడల్స్ దాకా అన్నీ ఉంటాయి. అడ్డొచ్చేది మైక్ సాకెట్టే. గిటార్ పికప్‌కి దాదాపు 1 మెగా ఓమ్ ఉన్న ఇన్‌పుట్ కావాలి, మైక్ సాకెట్‌కి అంత ఉండదు కాబట్టి పైస్వరాలు చచ్చిపోయి దుప్పటి కింద వాయించినట్టు వినపడుతుంది. ఇన్‌స్ట్రుమెంట్ అని రాసి ఉన్న ఇన్‌పుట్‌తో చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ సెకండ్ హ్యాండ్‌దైనా సరే కొనుక్కో, అది డ్రైవర్ అక్కర్లేని క్లాస్ కంప్లయంట్ రకమో కాదో అడిగి మరీ కొను.

తర్వాత లైనక్స్‌లో సౌండ్‌ని చూసుకునే పైప్‌వైర్‌లో బఫర్ (ఒక్కో విడతలో పంపే సౌండ్ ముక్క) 128, శాంప్లింగ్ 48 కిలోహెర్ట్జ్ పెట్టు. ఒక్కో బఫర్ 2.7 మిల్లీసెకన్లు, పోనూ రానూ కలిపితే దానికి రెండింతల పైనే, అయినా చేతికి పెద్దగా తేడా తెలియదు. చిటపటలొస్తే 256 కి పెంచు, బ్రౌజర్ మూసెయ్యి, లాప్‌టాప్‌లో పవర్ సేవింగ్ ఆపెయ్యి. కొట్టుకి వెళ్ళేటప్పుడు లాప్‌టాప్ వెంట తీసుకెళ్ళు. అక్కడే వైరు పెట్టి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొట్టి, సౌండ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్‌గా పేరు వచ్చి తీగ మీటితే మీటర్ కదిలాకే డబ్బులియ్యి.